గేటు దగ్గర ఒక గంట

నా చేతికున్న వాచీ రోజూ నా అడుగులు లెక్కపెడుతుంది. ఎంతసేపు నిద్రపోయానో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. ఎక్కువసేపు కూర్చుంటే లేవమని గోల చేస్తుంది. కంపెనీ ఇచ్చిన ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఉంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్‌లో రెండు యాప్‌లున్నాయి. ఇన్ని ఉన్నా, హైదరాబాద్‌లో నేనుండే అపార్ట్‌మెంట్‌కి నాలుగు వందల మీటర్ల దూరంలో ఒక ప్రభుత్వ దవాఖానా ఉందని మూడేళ్లుగా నాకు తెలీదు.

మా వాచ్‌మన్ అన్న కళ్లు తిరిగి పడిపోయిన రోజు తెలిసింది.

ఓ మంగళవారం సాయంత్రం ఏడింటికి, లిఫ్ట్ ముందు. వాటర్ క్యాన్ భుజాన పెట్టుకుని వస్తున్నవాడు గోడ పట్టుకుని అలాగే జారిపోయాడు. నేనూ, మూడో ఫ్లోర్‌లో ఉండే అంకుల్ కలిసి ఆటోలో ఎక్కించి దగ్గర్లో ఉన్న ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. బీపీ 190/110 ఉంది. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, రెండు గంటలు మంచం మీద ఉంచారు. ప్రాణానికేం ఫర్వాలేదన్నారు. బిల్లు 3,850 రూపాయలు. స్కాన్ చేసి కట్టేశాను. ఆ క్షణంలో నా గురించి నాకు చాలా మంచి అభిప్రాయం కలిగింది, అబద్ధం చెప్పను.

"బీపీ ఉందని ఇంతకుముందు ఎవరైనా చెప్పారా?" అని డాక్టర్ అడిగారు.

"పోయినేడే చెప్పిండ్రు సార్. గోలీలు గూడ ఇచ్చిండ్రు. రెండు నెలలు ఏసుకున్నడు, ఇడిసిపెట్టిండు" అంది వాళ్లావిడ.

ఇంకేముంది, తిరిగొస్తూ ఆటోలో నేను క్లాసు మొదలుపెట్టాను. "అట్లా ఎలా మానేస్తావన్నా? బీపీ అంటే ఆటలా?" ఆయన తల దించుకుని కూర్చున్నాడు. "మంచిగనే ఉన్న గద సార్... ఏం నొప్పి లేకుండె" అన్నాడు.

నిజానికి బీపీతో వచ్చే చిక్కే అది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. లోపల మాత్రం రక్తనాళాలు, గుండె, కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. ఒకరోజు నేరుగా పక్షవాతంతోనో, గుండెపోటుతోనో బయటపడుతుంది. బాగానే ఉన్నాం కదా అని మాత్ర మానేస్తారు. బాగా ఉన్నది ఆ మాత్ర వల్లేనని అప్పుడు తట్టదు.

"ఇంతకీ ఆ గోలీలు ఎక్కడిచ్చారు?" అని అడిగాను.

"మన బస్తీ దవాఖానల సార్. గుడి ఎనక."

మర్నాడు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున తొమ్మిదిన్నరకి అన్ననీ, అక్కనీ తీసుకుని నేనూ వెళ్లాను. గుడి వెనక సందులో రెండు గదుల బిల్డింగ్. ఆ సందు పక్కనే ఉన్న బిర్యానీ సెంటర్‌కి కనీసం వందసార్లు వెళ్లుంటాను. బోర్డు ఒక్కసారీ చూడలేదు.

లోపల ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు. బయట బెంచీ మీద పదిమంది దాకా ఉన్నారు. పేరు, ఫోన్ నంబర్ రాసుకున్నారు. నర్సు అన్నకి బీపీ చూసింది, వేలికి గుచ్చి షుగర్ చూసింది. రక్తం తీసి మూత పెట్టి పేరు రాసింది. ఆ శాంపిల్‌ని పరీక్ష చేసేది అక్కడ కాదు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అని ప్రభుత్వ ల్యాబ్ ఉంది, దాని మొదటి సెంట్రల్ ల్యాబ్ నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణంలో మొదలైంది. బస్తీల నుంచి శాంపిళ్లు అలాంటి ల్యాబ్‌కి వెళ్తాయి, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. ఒకచోట మెషిన్లు, ఊరంతా కలెక్షన్ పాయింట్లు. మా భాషలో చెప్పాలంటే మంచి ఆర్కిటెక్చర్. క్రితం రాత్రి నేను డబ్బు కట్టి చేయించిన కిడ్నీ, కొలెస్ట్రాల్ పరీక్షలు ఇక్కడ రూపాయి లేకుండా అయిపోయాయి.

ఈ బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. అప్పట్లో ఢిల్లీలో ఉన్న మొహల్లా క్లినిక్‌ల లాంటివే ఇవీ. పెద్దాసుపత్రికి పోవాల్సిన పనిలేని జ్వరాలు, బీపీలు, షుగర్లు, గర్భిణుల చెకప్‌లు ఇంటి దగ్గరే చూడాలన్నది ఉద్దేశం. జలుబుకి కూడా గాంధీకో, ఉస్మానియాకో బస్సెక్కే బాధ తప్పుతుంది.

నర్సమ్మ అక్కని కూడా కూర్చోబెట్టింది. ముప్ఫై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడాలన్నది దేశమంతా ఉన్న రూలే. అక్కకి అన్నీ బానే ఉన్నాయి. తర్వాత నావైపు చూసి "మీది కూడా చూద్దామా?" అంది. నాకెందుకండీ, ఇంకా ముప్ఫై రాలేదు అన్నాను. వినలేదు. 136/88. "ఇప్పటికి మందులక్కర్లేదు గానీ, ఉప్పు తగ్గించండి, నిద్ర చూసుకోండి" అని డాక్టర్‌గారు చెప్పారు. పది వేలు పెట్టి కొన్న నా వాచీ ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

అన్నకి నెలకి సరిపడా మాత్రలిచ్చారు. "మళ్లీ నెలకి రావాలి. నువ్వే రావాలి, బీపీ చూడకుండా గోలీలియ్యం" అని గట్టిగా చెప్పింది నర్సమ్మ. అప్పుడు అక్క మెల్లగా అంది:

"అదే సార్ కష్టం. గేటు ఇడిసి ఎట్లొస్తడు?"

దవాఖానా తొమ్మిదింటికి తెరుస్తారు, సాయంత్రం నాలుగింటికల్లా మూసేస్తారు. అన్న డ్యూటీ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. అక్క ఆ టైముకి నాలుగు ఫ్లాట్లలో పని చేస్తుంటుంది. పోయినేడు అన్న రెండుసార్లు వచ్చి మాత్రలు తీసుకెళ్లాడు. రెండోసారి రద్దీ ఉండి ఆలస్యమైంది. ఆ టైములో ఎవరిదో పార్సిల్ వెనక్కి పోయింది. అసోసియేషన్ వాళ్లు పిలిచి అరిచారట. ఇంకోసారి గేటు వదిలితే పని వదిలేసినట్టే అన్నారట. ఆయన గేటు వదల్లేదు, మాత్రలు వదిలేశాడు.

ఆ రాత్రి నాకెందుకో అనుమానమొచ్చి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పాత మెసేజ్‌లు వెతికాను. దొరికింది. "వాచ్‌మన్ నలభై నిమిషాలు గేటు దగ్గర లేడు. దీన్ని సీరియస్‌గా తీసుకోవాలి." దాని కింద పదకొండు థంబ్స్ అప్‌లు. ఒక్కొక్కటీ నొక్కి ఎవరివో చూశాను.

ఒకటి నాది.

ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. ఏ మీటింగ్‌లోనో ఉండి, చదవకుండానే నొక్కి ఉంటాను. ఆటోలో ఆయనకి క్లాసు పీకింది కూడా నేనే.

మర్నాడు గ్రూప్‌లో రాశాను: "వాచ్‌మన్ అన్నకి హై బీపీ. నెలకొకసారి దవాఖానాకి వెళ్లడానికి రెండు గంటలు పర్మిషన్ ఇద్దాం." హార్ట్‌లు వచ్చాయి, నమస్కారాలు వచ్చాయి. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది: "బాగుంది, మరి గేటు ఎవరు చూస్తారు?" అక్కడితో గ్రూప్ నిశ్శబ్దం. నలభై ఆరు ఫ్లాట్లు మాకు.

"నేను చూస్తాను" అని పెట్టాను. నిశ్శబ్దం భరించలేక పెట్టాను గానీ, గొప్ప మనసుతో కాదు.

నెల తిరిగాక, లాప్‌టాప్ పట్టుకుని గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. రోజూ ఉండే టీమ్ మీటింగ్ అక్కడి నుంచే అటెండయ్యాను. మేనేజర్ "బ్యాక్‌గ్రౌండ్‌లో ఆ హారన్లేంటి?" అని అడిగాడు. పార్సిళ్లు తొమ్మిది, కూరగాయల బండి ఒకటి, స్కూల్ వ్యాన్ ఒకటి, నన్ను చూసి కొత్త వాచ్‌మన్ అనుకుని "మోటరెయ్యి బాబూ" అన్న ఆంటీ ఒకరు. గంటా పది నిమిషాల్లో అన్న తిరిగొచ్చాడు. చేతిలో మాత్రల కవరు. బీపీ 148/94. "తగ్గింది గానీ, ఇంకా 140/90 లోపు రావాలన్నరు సార్" అన్నాడు.

ఆ గంటలో నాకింకొకటి అనిపించింది. అన్నకి దవాఖానా తెలుసు, వెళ్లడానికి టైమ్ లేదు. మాలాంటివాళ్లకి టైమ్ ఉంది, ఫోన్ ఉంది. మరి మనం వెళ్తున్నామా?

నా పాత రూమ్మేట్ సంగతే చూడండి. పోయినేడు ప్రాజెక్ట్ పోయి నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నాడు. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. ఇంట్లో చెప్పలేడు, చెల్లి పెళ్లి ఉంది. నాతోనూ చెప్పలేదు. ఒకరోజు రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశాడట. అది టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. "ఏం సలహా ఇచ్చారో సరిగ్గా గుర్తులేదురా. మధ్యలో ఆపకుండా విన్నారు, అంతే. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లే ధైర్యమొచ్చింది" అన్నాడు. ఈ మాట నాకు చెప్పడానికి వాడికి ఎనిమిది నెలలు పట్టింది. పక్క మంచం మీదే పడుకునేవాణ్ని నేను.

వాచ్‌మన్ అన్నకి గేటు అడ్డం. మా రూమ్మేట్‌కి 'ఎవరేమనుకుంటారో' అడ్డం. రెండింటి దగ్గరా కాపలా కూర్చున్నది మనలాంటివాళ్లమే.

అందుకే ఈ వారం మీకో చిన్న పని. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ క్లినిక్ ఎక్కడుందో చూడండి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, తెలంగాణ పల్లెల్లో పల్లె దవాఖానా, ఆంధ్రలో అయితే పట్టణాల్లో అర్బన్ హెల్త్ సెంటర్, ఊళ్లలో విలేజ్ క్లినిక్. మ్యాప్‌లో లేకపోతే ఆశా వర్కర్‌ని అడగండి, ఆవిడ దగ్గరుండేంత సమాచారం ఏ యాప్‌లోనూ ఉండదు. రక్తపరీక్ష ఉంటే పరగడుపున వెళ్లండి. పాత చీటీలు, వాడుతున్న మాత్రల షీట్లు పట్టుకెళ్లండి. ఒక్కోసారి ఏదో మందు అయిపోయి ఉంటుంది, డాక్టర్ సెలవులో ఉంటారు. ముందే ఒకసారి కనుక్కుని వెళ్తే తిరగాల్సిన పనుండదు. మందు దొరకలేదని మాత్రం మానేయొద్దు, చీటీ చూపిస్తే జన ఔషధి షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది.

ఇంకొకటి, ఇది క్లినిక్ కోసం ఆగే విషయం కాదు. ఎవరికైనా మూతి ఒక పక్కకి వంకరపోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదటి నాలుగున్నర గంటలే సమయం. నీళ్లు తాగించి పడుకోబెడితే ఆ సమయం పోతుంది.

ఇక మా గేటు సంగతి. ఇప్పుడు గ్రూప్‌లో ఒక లిస్ట్ ఉంది, ఏ నెల ఎవరు కూర్చుంటారో. నలభై ఆరు ఫ్లాట్లకి ఇప్పటిదాకా ముగ్గురం పేర్లిచ్చాం: నేను, మూడో ఫ్లోర్ అంకుల్, మూడో పేరు నన్ను మోటర్ వేయమన్న ఆంటీది. పోయిన నెల ఆవిడ వంతు. అన్న వెళ్లొచ్చేలోగా బఠాణీలన్నీ ఒలిచేశారు.

ఆ రోజు అన్న బీపీ 138/86.