పథ్యానికి ముందు పరీక్ష

బిడ్డకు నెలల తరబడి కడుపు బాగుండటం లేదంటే మన ఇళ్లలో మొదట కోత పడేది కంచానికే. పాలు పడటం లేదేమోనని పాలు ఆపుతారు. గుడ్డు వేడి చేసిందంటారు, గుడ్డు పోతుంది. పప్పు వాయువంటారు, పప్పూ పోతుంది. వంకాయ, వేరుశెనగ, పెరుగు ఒక్కొక్కటే వెళ్లిపోయి చివరికి చారన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు మిగులుతాయి. జబ్బు పడ్డవాళ్లకు బ్రెడ్డు తేలిగ్గా అరుగుతుందని మనకొక గట్టి నమ్మకం. ఇంత పథ్యం చేయించినా విరోచనాలు ఆగవు. పొట్ట ముందుకొస్తుంది, కాళ్లూ చేతులూ పుల్లల్లా అవుతాయి, తోటి పిల్లలు ఎత్తు పెరుగుతుంటే వీడు నిరుటి చొక్కాలోనే ఉంటాడు. దిష్టి తీయించడం కూడా అయిపోయాక తల్లి మళ్లీ కంచం వైపే చూస్తుంది, ఇంకేం మానిపించాలా అని.

ఇన్ని మానిపించినా తగ్గలేదంటే కారణం ఇంకా దొరకలేదని అర్థం. ఇంకొకటి మానిపించడం దానికి జవాబు కాదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం సీలియాక్ అనే జబ్బు చరిత్ర. ఆ జబ్బున్న పిల్లలకు పెద్ద పెద్ద వైద్యులే అరవై ఏళ్లపాటు తప్పు పథ్యం చెప్పారు.

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ జీ ఈ జబ్బును వివరంగా రాశాడు. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందని, పాలిపోయిన, దుర్వాసన వేసే పలచని విరోచనాలు అవుతాయని, బిడ్డ కృశించిపోతాడని గుర్తించాడు. నయమంటూ అయితే అది తిండి మార్పుతోనే కావాలని కూడా పట్టుకున్నాడు. ఆ చూపు గొప్పది. కానీ పథ్యం రాసే దగ్గరికి వచ్చేసరికి బియ్యం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. బ్రెడ్డును పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చి పెట్టవచ్చన్నాడు. హాని చెయ్యని అన్నం పోయింది, హాని చేసే గోధుమ కంచంలోనే ఉండిపోయింది. ఆయన చూసిన ఒక బిడ్డకు రోజూ లీటరుకు పైగా ఆల్చిప్పల మాంసం పెడితే అద్భుతంగా కోలుకుంది. ఆల్చిప్పలు దొరికే కాలం వెళ్లగానే జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఏడు మళ్లీ పెట్టబోతే బిడ్డ నోరు తెరవలేదు. ఆ గుణం ఆల్చిప్పలది కాదు, వాటితో కడుపు నిండి గోధుమకు చోటు లేకపోవడం వల్ల వచ్చిందని ఇవాళ మనం ఊహించగలం. అప్పుడు ఊహించడానికి ఆధారం లేదు.

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం తెచ్చాడు. బ్రెడ్డు, ధాన్యాలు, బంగాళదుంప ఆపించి పండ్లు పెట్టించాడు. పిల్లలు నిజంగానే లేచి తిరిగారు. దాంతో పేరంతా అరటిపండుకు వచ్చింది. తప్పు కారణం నమ్ముకుంటే వచ్చే ప్రమాదం ఇక్కడుంది. జబ్బు నయమైందని బిడ్డను మామూలు తిండికి తెస్తే గోధుమ తిరిగొస్తుంది, పేగు లోపల దెబ్బ మళ్లీ మొదలవుతుంది.

అసలు దోషిని పట్టుకున్నది డచ్ వైద్యుడు విల్లెం కారెల్ డికె. హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తూ 1930లలోనే గోధుమను అనుమానించాడు. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌కు ఆహారం ఆగిపోయింది. జనం తులిప్ దుంపలు వండుకు తిన్నారు, వేలమంది ఆకలితో పోయారు. అంత కరువులో సీలియాక్ పిల్లలు క్షీణించకపోగా మెరుగయ్యారు. యుద్ధం ముగిసి బ్రెడ్డు తిరిగి రాగానే వాళ్లు మళ్లీ మంచాన పడ్డారు. కళ్లారా చూసిన దాన్ని కూడా డికె అంతటితో వదిలేయలేదు. వాన్ డె కామర్, వైయెర్స్ అనే సహచరులతో కలిసి, పిల్లలకు ఒక్కో ధాన్యం విడిగా పెట్టి మలంలో ఎంత కొవ్వు అరగకుండా పోతోందో కొలిచాడు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం ఇచ్చాడు. గోధుమలో హాని చేసేది పిండిపదార్థం కాదని, గ్లూటెన్ అనే మాంసకృత్తు అని ఆ బృందం తేల్చింది. పాలు తీసి గోధుమ హల్వా చేసేవారికి ఇది చేతికి తెలిసిన వస్తువే: నీళ్లలో పిసికి పాలన్నీ దింపాక మిగిలే సాగుడు జిగురు ముద్దే గ్లూటెన్. బార్లీలో, రై ధాన్యంలో ఉండే ఇలాంటి మాంసకృత్తులూ ఈ పిల్లలకు పడవు.

ఈ జబ్బులో శరీరం గ్లూటెన్‌ను చూసి తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నని నూగులాంటి పొర అరిగిపోతుంది. అందుకే పాలు మానిపించినా, పప్పు మానిపించినా ఒరిగేదేమీ ఉండదు. పైగా ఆ పొర దెబ్బతిన్నన్నాళ్లూ పాలు కూడా అరగకపోవచ్చు. అది చూసి ఇంట్లోవాళ్లు జబ్బంతా పాలదే అనుకుంటారు.

అన్నం తినేవాళ్లం, గోధుమ జబ్బు మనకెందుకు అని చాలామంది డాక్టర్లే అనుకున్న కాలం ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాదిలోని పెద్దవాళ్లను పరీక్షించింది. ఉత్తరాన వందమందిలో ఒకరికి పైగా సీలియాక్ కనిపిస్తే, దక్షిణాన వెయ్యిమందిలో ఒకరికి కనిపించింది. కానీ జబ్బుకు వీలిచ్చే జన్యువులు మూడుచోట్లా దాదాపు ఒకే స్థాయిలో, సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉన్నాయి. పెద్ద తేడా తినే గోధుమలో కనిపించింది: ఉత్తరాన సగటున రోజుకు 455 గ్రాములు, దక్షిణాన 25. మన ఇళ్లలో పొద్దున ఉప్మా, సాయంత్రం బిస్కెట్టు, నూడుల్సు, రాత్రి చపాతీ మామూలైపోయిన రోజుల్లో ఆ తేడాను నమ్ముకుని ఈ జబ్బు మనది కాదని ధీమాగా కూర్చోవడం నాకు సరైనదిగా తోచదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ గోధుమ ఉంది. చాలామంది పిల్లలకు అది బలమే, ఎవరూ మానిపించవద్దు. కానీ బాలామృతం తింటూ కూడా నెలనెలా బరువు తగ్గుతున్న బిడ్డను చూసినప్పుడు, తల్లి సరిగా పెట్టడం లేదని తేల్చేయకుండా పెద్దాస్పత్రికి పంపాలి.

విరోచనాలే ఉండాలనీ లేదు. ఐరన్ టానిక్ ఎంత తాగించినా పెరగని రక్తం, ఆగిపోయిన ఎత్తు, మాటిమాటికీ నోటిపూత, ఒక్కోసారి మలబద్ధకం కూడా ఈ జబ్బు గుర్తులే.

పరీక్ష కష్టమైనదేం కాదు. టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీలకు రక్తపరీక్ష, దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో చూడాలి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువున్న బిడ్డకు మొదటి పరీక్ష ఏమీ లేదని తప్పుగా చెబుతుంది. అవసరమైతే ఎండోస్కోపీతో చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇవన్నీ బిడ్డ గోధుమ తింటున్నప్పుడే చేయాలి. ఎవరో చెప్పారని ముందే గోధుమ ఆపేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానుతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అప్పుడు నిజం తెలియాలంటే డాక్టరు పర్యవేక్షణలో బిడ్డకు మళ్లీ కొన్ని వారాలు గోధుమ పెట్టాల్సి వస్తుంది. కోలుకుంటున్న బిడ్డకు ఆ బాధ మళ్లీ పెట్టడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? దాంతో జబ్బు ఉందో లేదో తేలకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

జబ్బు తేలాక కూడా కొందరు పిల్లలు కోలుకోరు. గోధుమ అన్నది ఇంట్లోకి రానివ్వడం లేదని తల్లి ఒట్టేసి చెబుతుంది. ఆమె చెప్పేది నిజమే. కానీ సాంబారులో ఇంగువ ఉంటుంది. మనం కొనే ఇంగువ పొడి శుద్ధ ఇంగువ కాదు, పిండి, జిగురు కలిపిన కూటు. ఆ పిండి చాలా రకాల్లో గోధుమపిండే. జొన్నపిండి ఆడించే మరలో అంతకుముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటాయి. పూరీలు వేసిన నూనెలోనే వడలు వేస్తారు. పాలలో కలిపే మాల్టు పొడిలో బార్లీ, గోధుమ ఉంటాయి. గుళ్లో ప్రసాదంగా పెట్టిన కేసరి బొంబాయి రవ్వతో చేసిందే. గ్లూటెన్ రహితం అని రాసుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. ఒక చెంచా పిండి ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంగువ డబ్బా మీది అక్షరాలు భూతద్దం పెట్టయినా చదవాలి. విడిగా తూచి అమ్మే ఇంగువ ఈ ఇంట్లోకి రాకూడదు. జొన్నలు, బియ్యం ఇంట్లోనే మిక్సీ పట్టుకోవాలి. బడికి, బంధువులకు, పుట్టినరోజుకు పిలిచినవాళ్లకు ముందే చెప్పాలి. ఒక్క ముక్కకు ఏమవుతుందిలే అనే పెద్దమ్మను నొప్పించైనా ఆపాలి.

గోధుమ అసలు కారణమే కాని పిల్లలు ఇంకా ఎక్కువమంది. జియార్డియా అనే పరాన్నజీవి నీళ్ల ద్వారా చేరి నెలల తరబడి విరోచనాలు తెప్పిస్తుంది. పేగుల క్షయ మన దేశంలో ఇంకా ఉంది. గట్టిపడిన మలం లోపల పేరుకుపోయి, పక్కనుంచి నీళ్లలా కారి బట్టలు పాడవుతుంటే దాన్ని విరోచనాలనుకుని పీచు తిండి ఆపేసే ఇళ్లున్నాయి. దాంతో మలబద్ధకం ఇంకా ముదురుతుంది. రోజంతా ప్యాకెట్ పండ్లరసాలు తాగే రెండేళ్ల బిడ్డకు అవి ఆపితే చాలు. వీటిలో ఏదీ పథ్యంతో ఊహించి తేల్చే వ్యవహారం కాదు. వందల పదార్థాలకు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీల పరీక్ష చేసి పడని తిండి జాబితా ఇస్తామనే ప్యాకేజీలు నగరాల్లో వేల రూపాయలకు అమ్ముతున్నారు. ఆ పరీక్ష వద్దని అమెరికా, ఐరోపా అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. ఎదిగే బిడ్డ నోటి దగ్గరి గుడ్డునూ పాలనూ ఆ కాగితాన్ని నమ్మి లాగేసుకోవడం అన్యాయం.

రెండు వారాలకు మించి విరోచనాలున్నా, బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా, నిద్రలోంచి కడుపునొప్పితో లేస్తున్నా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పోయిన ఏడాది బరువు, ఎత్తు రాసిన కాగితాలు, వారం రోజులు బిడ్డ తిన్నవన్నీ రాసిన నోట్‌బుక్ తీసుకెళ్లండి. సీలియాక్ పరీక్ష అవసరమా అని మొహమాటపడకుండా అడగండి. ఆ పరీక్షలన్నీ అయ్యేదాకా చపాతీ మాత్రం ఆపకండి.