222కీ, 223కీ ఎంత తేడా?

కర్నూలులో మా అక్కయ్య కొడుకు వేసవి సెలవుల్లో ఒక పెట్టె తయారుచేశాడు. కాంపాక్ట్ డిస్కులో పాట అంకెల రూపంలో వుంటుంది గదా. ఆ అంకెలను తిరిగి విద్యుత్తరంగంగా మార్చి ఆంప్లిఫయరుకు అందించే పెట్టె అది. 'డాక్' అంటారు దాన్ని. అంతా బిగించి ఒక వయొలిన్ కచేరీ పెట్టాడు. మా బావగారు రెండు నిమిషాలు విని, "బాగుందిరా, అచ్చం మన కడప రేడియో విన్నట్టే వుంది" అన్నారు.

కుర్రవాడు మొహం మాడ్చుకున్నాడు. బావగారు మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు, పాపం. 1963లో మొదలైన కడప ఆకాశవాణిని వింటూ పెరిగిన మనిషాయన. కాని మధ్యతరంగాల మీద స్టేషనుకూ స్టేషనుకూ నడుమ ఎడం 9 కిలోహెర్ట్జులే. అందుచేత రేడియోలో సన్నని శబ్దాలు అణిగిపోతాయి. డిస్కులోనో, సెకనుకు 20,000 కంపనాల దాకా వుంటాయి. మరి అవి ఏమైనట్టు?

"మామా, ఖరీదైన కండెన్సర్లు తెప్పిస్తే సరిపోతుందా?" అన్నాడు వాడు.

"ముందు వున్నదాని మీద ఏం రాసివుందో చదవరా" అన్నాను.

చిప్పు అంకెలను ధ్వనిగా మార్చేటప్పుడు, అసలు పాటతోపాటు చెవికందని ఎత్తులో దాని నీడలు కూడా పుడతాయి. డిస్కులో సెకనుకు 44,100 నమూనాలు వుంటాయి. వాటిని చిప్పు తనలోనే 8 రెట్లు చేసుకుంటే మిగిలే నీడలు సెకనుకు 3,30,000 కంపనాలకు పైన వుంటాయి. వాటిని తగ్గించడానికి ఒక రెసిస్టరు, ఒక కండెన్సరు కలిపి చిన్న జల్లెడ కడతారు. 1,000 ఓములకు 2,200 పికోఫారడ్లు జతచేస్తే కోత 72,000 కంపనాల దగ్గర మొదలవుతుంది. పాటకు దాదాపు నష్టం లేదు.

కండెన్సరు మీద 222 అని వుంటే, 22 పక్కన రెండు సున్నాలు: 2,200. మావాడు బిగించింది 223. అంటే 22,000! కోత 7,200 దగ్గరికి దిగివచ్చింది. పిండి జల్లెడలో రవ్వ జల్లించినట్టయింది.

అంకె కుదిరాక జాతి చూడాలి. పింగాణీ కండెన్సర్లలో వై5వి రకానిది ఎండకూ చలికీ నిలవదు. హద్దుల దాకా పోతే శక్తిలో 82 శాతం వరకూ పోగొట్టుకోవచ్చు. పాట నడిచే దారిలో పాలీప్రొపిలీన్‌గాని, సీ-జీరో-జీ పింగాణీగాని పెట్టుకోవాలి. అవి దాదాపు చలించవు.

కరెంటు సరఫరా వైపు పెద్ద ఎలెక్ట్రొలిటిక్ కండెన్సర్లుంటాయి. వాటికి ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన సీమలో, మూతవేసిన పెట్టెలో, 85 డిగ్రీల రకం కన్న 105 డిగ్రీల రకమే మేలు. రాసిన గంటలు సమానమైతే అది సుమారు నాలుగురెట్లు మన్నుతుంది.

222 బిగించి మళ్లీ అదే కచేరీ పెట్టాడు మావాడు. బావగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "కమాను తీగమీద ఒరుసుకోవడం కూడా వినిపిస్తోందేమిరా!" అన్నారు.

మారినదల్లా ఒక్క సున్నా. ఖరీదైన సరుకు కోసం దుకాణానికి పోయేముందు, పెట్టెలో వున్న సరుకు మీది అంకెను భూతద్దం పెట్టి ఒకసారి చదువుకోండి.