దగ్గు మందు సీసా - ఫుట్‌బాల్ మైదానం

వార్షిక సంచికలో ఆటల పేజీ అంటే గెలిచిన కప్పుల లెక్క, మెడల్స్‌తో దిగిన ఫొటోలు. ఈసారి వాటి పక్కనే ఒక చేదు సంగతి రాయాలనుకున్నాం. అది ఫుట్‌బాల్‌లో డోపింగ్ గురించి. "మారడోనా గొడవ జహీరాబాద్‌లో మనకెందుకురా?" అని సీనియర్ అన్నలు నవ్వారు. మాకూ మొదట అట్లనే అనిపించింది.

మారడోనా 1994 ప్రపంచకప్ మధ్యలో ఎఫెడ్రిన్ వాడి దొరికిపోయి ఇంటిదారి పట్టాడు. ఫ్రాన్స్ ఆటగాడు పోగ్బా 2023లో పట్టుబడ్డాడు. నాలుగేళ్ల నిషేధం పడితే అప్పీలుకు వెళ్లి 2024లో దాన్ని 18 నెలలకు తగ్గించుకున్నాడు. వాళ్లకు లాయర్లున్నారు, డబ్బుంది.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది మాత్రం సుబ్రతా పాల్ ఉదంతం. మన దేశపు గోల్‌కీపర్, 2011 ఆసియా కప్‌లో గోడలా నిలబడినవాడు, 2016లో అర్జున అవార్డు అందుకున్నవాడు. 2017లో జాతీయ జట్టు శిబిరంలో తీసిన నమూనాలో టెర్బుటాలిన్ బయటపడింది. దగ్గు మందు వల్ల వచ్చిందని ఆయన వివరణ. ఆ తర్వాత మళ్లీ మైదానంలోకి వచ్చాడు, మన హైదరాబాద్ ఎఫ్‌సీకి కూడా ఆడాడు. కానీ ఆ కొన్ని రోజులు ఆయన పేరు పక్కన పేపర్లలో ఏ మాట అచ్చయిందో ఊహించుకోండి.

టెర్బుటాలిన్ అంటే ఏదో విదేశీ మందు అనుకోకండి. ఛాతీ పట్టేసినప్పుడు ఊపిరి ఆడటానికి ఇచ్చేది. మన మెడికల్ షాపుల్లో దొరికే చాలా దగ్గు సిరప్‌లలో ఉంటుంది. చలికాలం వస్తే మన డార్మెటరీలో రాత్రంతా దగ్గులే. ఒకడు సిరప్ తెస్తే అదే మూతతో నలుగురం తాగుతాం. పొద్దున్నే ఆటకు పోతాం. మోకాలు వాచితే ఊళ్లో సూది వేయించుకుంటాం. అందులో స్టెరాయిడ్ ఉందో లేదో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఈమధ్య జిమ్ముకు పోయేవాళ్లు డబ్బాల పౌడర్లు కూడా మొదలుపెట్టారు.

డోప్ పరీక్షలో నియమం కఠినం. అధికారి ఎదుటే మూత్రం పట్టి ఏ, బీ అని రెండు సీసాల్లో సీలు వేస్తారు. గత ఏడు రోజుల్లో ఏ మందులు వాడావో ఫారంలో రాయమంటారు. నిషేధించిన మందు కనబడితే బాధ్యత ఆటగాడిదే. "తెలియక తాగాను సార్" అంటే శిక్ష తగ్గొచ్చేమో గానీ తప్పు మాత్రం పోదు. జబ్బుకు ఆ మందు తప్పనిసరైతే అనుమతి కోసం దరఖాస్తు చేసుకునే వీలుంది. ఈ ముక్క మన గ్రౌండులో ఎంతమందికి తెలుసు?

పరీక్షలు వద్దని మేము అనడం లేదు. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 214 దొరికాయి. అంత పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో మనదే ఎక్కువ శాతం. సిగ్గుపడాల్సిందే. తెలిసి సూది పొడుచుకున్నవాణ్ణి వదలకూడదు. మా కోపం ఇంకోచోట ఉంది. పెద్ద క్లబ్బులో డాక్టరు సీసా చూసి ఇస్తాడు. హాస్టల్ పిల్లవాడికి డాక్టరూ షాపువాడే, సలహాదారూ షాపువాడే. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే. నియమం ఒకటే అయినప్పుడు దాని గురించిన తెలివిడి కూడా ఇద్దరికీ అందాలి కదా. నిషేధిత మందుల జాబితా ఇంటర్నెట్‌లో ఉందంటారు. హాస్టల్లో ఫోన్ ఎక్కడిది?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చిన మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ ఒకప్పుడు బడిపంతులే. ఆట సంగతులు సార్ల నోటి నుంచే పిల్లలకు ఎక్కుతాయి. అందుకే మా వార్డెన్ సార్‌నూ పీఈటీ సార్‌నూ కోరేది ఒక్కటే: జోనల్ మీట్‌కు ముందు ఒక సాయంత్రం స్టడీ అవర్ ఈ విషయానికి ఇవ్వండి. తెలుగులో ఒక చార్టు రాసి మెస్ గోడకు అంటించే పని మేము చేస్తాం. పై చదువులకెళ్లి ఫార్మసీ చేస్తున్న పూర్వ విద్యార్థులు అన్నలు ఉన్నారు, వాళ్లు ఒక ఆదివారం వచ్చి సీసా మీద అక్షరాలు ఎట్లా చదవాలో చూపిస్తే చాలు.

ఇది రాస్తూ మా గదిలో కిటికీ మీదున్న ఖాళీ సిరప్ సీసా తీసి చూశాం. చిన్న అక్షరాల్లో మూడో పేరు టెర్బుటాలిన్.