రోగిని నిందించు న్యాయము

ఇటీవల మా పురమున జరిగిన యొక సభలో, మందులకు లొంగని సూక్ష్మజీవులను గూర్చిన ఉపన్యాసము ముగిసిన పిమ్మట, గౌరవనీయులైన యొక గృహస్థులు లేచి యిట్లు ప్రశ్నించిరి: "హెచ్.ఐ.వి. సోకినవారికి జబ్బు రాకమునుపే దినదినమును యాంటీబయాటిక్ మాత్రలు పంచిపెట్టుచున్నారు. లొంగని క్రిములు అక్కడ పుట్టక మఱెక్కడ పుట్టును? వారి కొఱకు మన బిడ్డలకు మందులు పనిచేయకుండ పోవలసినదేనా?" పలువురు తలలూపిరి, ఒక్కరును కాదనలేదు. ఆ మౌనమే నాచే నీ వ్యాసమును వ్రాయించినది.

ప్రశ్నలో సత్యాంశము లేకపోలేదు. దానిని దాచుటవలన వాదమునకు బలము రాదు. ఆ మాత్ర పేరు కోట్రైమాక్సజోల్. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ అను రెండు మందుల కూర్పది. దానిని నిత్యము సేవించువారి ప్రేగులలో లొంగు క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. అంతియకాదు, సల్ఫా మందును ధిక్కరించు శక్తినిచ్చు జన్యువు, ఇతర మందులను ధిక్కరించు జన్యువులతో తఱచుగా కూడియుండి, ఒక క్రిమినుండి మఱియొక క్రిమికి సంక్రమించును. కావున ఒక మందు వాడుకచే వేఱొక మందు చెడుటయు సంభవమే.

అయినచో ఆ మాత్రను ఏల యిచ్చుచున్నారు? జాంబియా దేశమున హెచ్.ఐ.వి. గల పిల్లలపై జరిగి, 2004లో ప్రకటింపబడిన పరీక్షను చూడుడు. మాత్ర తినిన 265 మందిలో 74 గురు మరణింపగా, మందులేని ఉత్తమాత్ర తినిన 269 మందిలో 112 గురు మరణించిరి. భేదమింత స్పష్టమగుటచే పరీక్షను నడుమనే నిలిపివేసిరి. ఆ ప్రాంతపు క్రిములలో పెక్కులు ఆ మందునకు అప్పటికే లొంగనివై యుండెను. అయినను ప్రాణములు నిలిచినవి. మఱియు ఆ మాత్ర అడ్డగించు వ్యాధులన్నియు బాక్టీరియాల వలన వచ్చునవి కావు. ఊపిరితిత్తులను పట్టు న్యుమోసిస్టిస్ బూజుజాతికి చెందినది. మెదడును పట్టు టాక్సోప్లాస్మా ఏకకణ పరాన్నజీవి. ఈ సంగతుల నెఱుగక "మాత్ర మానుపింపుడు" అనుట యెవరి శిశువునకు మరణశాసనము వ్రాయుటయో యోచింపవలదా?

ఇట్లన్నంత మాత్రమున ఆ మాత్రను అందఱకును, అన్నివేళలను ఇండని నా వాదము గాదు. బోట్స్వానా దేశమున, హెచ్.ఐ.వి. గల తల్లులకు పుట్టి తమకు మాత్రము వ్యాధి సోకని శిశువులకు దీనిని ఇచ్చి చూచిరి. 2017లో వెలువడిన ఫలితముల ప్రకారము మరణములు తగ్గలేదు. పైగా మందు పుచ్చుకొనిన శిశువుల ప్రేగులలో లొంగని క్రిములు హెచ్చెను. అట్టిచోట మానుటయే ధర్మము. లాభము రుజువైనచోట ఇచ్చుట, కానిచోట మానుట, ఇదియే శాస్త్రమార్గము. మన దేశమునను రక్తములోని సీడీ4 కణములు తగ్గినవారికి దీనిని ఇచ్చి, ఆ కణములు మరల పెరిగి నిలిచినపుడు మానుపించుచున్నారు. వైద్యుని కనుసన్నలలో, లెక్క ప్రకారము నడచు వాడుక ఇది.

ఇక మన వాడుక యెట్టిది? ఆ గృహస్థులనే యడిగెదను. అయ్యా, తమ యింటి అలమారు తెఱచి చూడుడు. పోయిన వర్షాకాలమున మూడు మాత్రలు మ్రింగి విడిచిన పట్టీ అందు లేదా? జలుబు వైరస్ వలన వచ్చును; దానికి యాంటీబయాటిక్ ఏ మాత్రమును పనిచేయదు. అయినను మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చీటి లేకయే, "అబ్బాయికి పడిసెము పట్టినది, గట్టి మందిమ్ము" అని యడుగువారెవరు? పెన్సిలిన్ కనుగొనిన ఫ్లెమింగు 1945లో నోబెల్ బహుమాన ప్రసంగముననే, దుకాణమున మందు కొని చాలీచాలకుండ వాడుటచే క్రిములు మొండిదేరునని హెచ్చరించెను. మన దేశమున 2014 మార్చి మొదలు కొన్ని యాంటీబయాటిక్కులను చీటిలేక అమ్మరాదనియు, అమ్మిన వివరము ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెననియు నిబంధన యున్నది. ఆ నిబంధనను వర్తకుడొక్కడే భంగపఱచునా? అడుగువాడు లేనిదే అమ్మువాడు లేడు. మనుష్యులకు కడపటి ఆధారమైన కొలిస్టిన్‌ను కోళ్ల బలుపు కొఱకు దాణాలో కలిపినవారును హెచ్.ఐ.వి. రోగులు కారు; దానిని ప్రభుత్వము 2019లో నిషేధింపవలసివచ్చెను. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, మన యింటి తప్పును రోగి నెత్తిన రుద్దుట యే నీతి?

ఇంతకంటెను ఘోరమైన సంగతి యొకటి కలదు. హెచ్.ఐ.వి.ని తొలిదినములలోనే కనుగొని చికిత్స నారంభించినచో కణములు తగ్గవు. పెక్కుమందికి ఆ నివారణమాత్ర యక్కఱయే రాదు. మన ప్రభుత్వము 2004 ఏప్రిల్ నుండి ఆ చికిత్సను ఉచితముగ నిచ్చుచున్నది. అయినను జనులు పరీక్షకు రాకుండ ఏల దాగుదురు? అద్దె యింటినుండి వెళ్లగొట్టుదురని, బిడ్డను బడిలో వేఱుగా కూర్చుండబెట్టుదురని, చుట్టములు మంచినీళ్ల చెంబు దాచుదురని భయము. ఇట్టి వివక్షను నిషేధించు చట్టము 2017లో పుట్టి మఱుసటి యేట అమలునకు వచ్చినను, మన వీధి యరుగుల మీదికి ఇంకను రాలేదు. దాగినవాడు కణములు క్షీణించిన పిదప ఆసుపత్రి చేరును; అపుడు నివారణమాత్ర తప్పదు. కాబట్టి ఆ మాత్ర వాడుకను పెంచుచున్నది రోగి కాదు, రోగిని వెలివేయు మన నాలుక. లొంగని క్రిములు విజృంభించినపుడు ముందుగా బలియగువాడును ఆ దుర్బలుడే.

సోదర సోదరీమణులారా! లొంగని క్రిములన్న భయము నిజముగ మనకున్నచో మూడు పనులు మన చేతిలోనే యున్నవి. చీటిలేని మందు కొనకుందము. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడి, మిగిలినదానిని పొరుగింటికి దానము చేయకుందము. మన వీధిలో హెచ్.ఐ.వి. గలవారుండిన, వారు నిర్భయముగ ఆసుపత్రికి పోయివచ్చునట్లు మెలగుదము. ఈ మూడును చేసిన పిదప ఆ గృహస్థులు తమ ప్రశ్నను మరల నడుగవచ్చును. అపుడు దానిని అడుగవలసిన యక్కఱ వారికి తోచదని నా నమ్మకము.