‘తిన్నావా?’ అని అడిగేవాళ్లు

పద్దెనిమిదేళ్లు నిండితే చాలా ఇళ్లలో కేకు కోస్తారు. ఇంజినీరింగా, డిగ్రీయా అని చర్చలు సాగుతాయి. ఫోస్టర్ కేర్‌లోనో, బాలల గృహంలోనో పెరిగిన పిల్లలకు మాత్రం ఆ పుట్టినరోజు దగ్గరపడుతుంటే గుండెల్లో గుబులు. అద్దెకు గది ఎవరిస్తారు? దరఖాస్తులో ‘సంరక్షకుడు’ అన్నచోట ఎవరి పేరు రాయాలి? పండక్కి ఎక్కడికెళ్లాలి?

ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. కన్నవారు పెంచలేని స్థితిలో ఉన్నప్పుడు బిడ్డను మరో కుటుంబం తన ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం. ఆ రక్షణ సాధారణంగా పద్దెనిమిదేళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత కూడా 21 ఏళ్ల వరకు ఆసరా కొనసాగించేందుకు అమెరికా 2008లో చట్టం చేసింది. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కూడా 21 ఏళ్ల దాకా చేయూతకు వీలు కల్పించింది. ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకూ పొడిగించవచ్చు.

చట్టం సాయం చేస్తుంది. మరి మనిషిని నిలబెట్టేదేమిటి? హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వ నిపుణురాలు ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. వీళ్లంతా ఫోస్టర్ కేర్ పిల్లలు కారు. కానీ పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు వంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లు వీరిలో ఎందరో. అలాంటివారిలో సుమారు మూడోవంతు మంది బాధ్యతగల పెద్దలుగా ఎదిగారు. వాళ్ల వెనుక కనీసం ఒక్క మనిషి ఉన్నారు. అమ్మానాన్నే కానక్కర్లేదు... బామ్మ, పక్కింటి పిన్ని, పాఠం చెప్పిన టీచరు! టీనేజీలో దారితప్పినవాళ్లలోనూ చాలామంది ముప్ఫై, నలభై ఏళ్లకు కుదురుకున్నారు. మళ్లీ చదువుకునే అవకాశం, మంచి జీవిత భాగస్వామి వాళ్లను ఒడ్డున పడేశాయి.

అంటే మొండి ధైర్యం ఒక్కటే సరిపోదు. పడినప్పుడు పట్టుకునే చెయ్యీ కావాలి. పద్దెనిమిదేళ్లకు తలుపు మూసుకున్నా, ఇరవై అయిదుకో ముప్ఫైకో మరో తలుపు తెరుచుకోవచ్చు.

అందుకోసం పెద్ద త్యాగాలేం అక్కర్లేదు. బ్యాంకు ఫారం నింపడం నేర్పినా, ఇంటర్వ్యూకి వెళ్లేముందు ధైర్యం చెప్పినా, సంక్రాంతికి భోజనానికి పిలిచినా చాలు. కాకపోతే ఒక్కరోజుతో ఆపకూడదు. ఏడాది తర్వాత కూడా ఫోన్ చేసి ‘తిన్నావా?’ అని అడగాలి. ఒంటరిగా బతుకు మొదలుపెట్టిన పిల్లలకు ఆ ఒక్క మాటే పుట్టిల్లు.