ముస్లిం కాదులెండి, పార్సీ

ఈ మాట మేము ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఛాయ్ హోటల్లో విన్నాం. ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకునే వేళ విన్నాం. రైల్లో ఎదురు బెర్తు పెద్దమనిషి నోట విన్నాం. ముందు ఒకరు గొంతు తగ్గించి మొదలుపెడతారు. "ఇందిరాగాంధీ మొగుడెవరో తెలుసా? ఫిరోజ్ ఖాన్. తురకోడు. గాంధీ పేరు తగిలించి దేశాన్ని మోసం చేశారు." ఇంకొకరు అడ్డుపడతారు. కాస్త చదువుకున్నవారు, కాస్త మంచివారు. "ఛ, అదంతా అబద్ధమండీ. ఆయన ముస్లిం కాదులెండి, పార్సీ." మొదటివారు మా మొహం చూడరు. రెండోవారు మాత్రం మావైపు తిరిగి చిన్నగా నవ్వుతారు, మీ తరఫున మాట్లాడాను చూశారా అన్నట్టు.

మొదటివారితో మాకు పెద్ద పేచీ లేదు. వారు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో వారికీ తెలుసు, మాకూ తెలుసు. మా గొడవంతా ఆ నవ్వే మనిషితోనే.

"కాదులెండి" అన్న మాటలో ఆ 'లెండి' ఉంది చూశారూ, దాన్ని ఒక్కసారి విడిగా వినండి. క్షయ కాదులెండి, ఉత్త దగ్గే అన్నట్టు లేదూ? దొంగతనం కాదులెండి, మర్చిపోయి జేబులో వేసుకున్నాడు అన్నట్టు లేదూ? నింద తప్పని చెప్పారు, సంతోషం. కానీ ముస్లిం అవడం నిందే అన్న సంగతిని మాత్రం ముట్టుకోకుండా వదిలేశారు. నింద వేసినవారూ, నింద తుడిచినవారూ ఒకే సంతకం పెట్టిన కాగితం అది. ఆ కాగితం మీద మా పేరుంది.

నిజం ఏమిటో చెప్పుకుందాం. ఫిరోజ్ గాంధీ 1912లో బొంబాయిలో పార్సీ ఇంట పుట్టాడు. తండ్రి జహంగీర్, తల్లి రతీమాయి. అలహాబాదులో డాక్టరుగా పనిచేసే తల్లి తోబుట్టువు దగ్గర పెరిగాడు. ఆ ఇంటిపేరు గుజరాతీ పార్సీలకు ఉన్నదే. దాన్ని ఇంగ్లీషులో రాసే అక్షరాలు మార్చుకున్నాడు తప్ప ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. చదువు వదిలి ఉద్యమంలోకి దూకాడు, జైలుకెళ్ళాడు. 1942 మార్చి 26న అలహాబాదు ఆనందభవన్‌లో ఇందిరను పెళ్ళాడాడు. నెహ్రూ జైల్లో వడికిన నూలుతో నేసిన చీర ఆమె కట్టుకుంది.

ఆ పెళ్ళికి ముందు ఏం జరిగిందో ఇప్పుడు ఎవరికీ పట్టదు. దేశం నలుమూలల నుంచి గాంధీజీకి ఉత్తరాలు వచ్చాయి. బూతుల ఉత్తరాలూ ఉన్నాయి. బ్రాహ్మణ పిల్లను పార్సీకి ఎలా ఇస్తారని. ఆయన హరిజన్ పత్రికలో జవాబు రాశాడు, వాళ్ళ దృష్టిలో ఈ కుర్రవాడు చేసిన నేరం పార్సీగా పుట్టడమేనని. గమనించారా? 1942లో 'పార్సీ' అన్న మాటే తిట్టుకు సరిపోయింది. తర్వాత్తర్వాత అది చాలలేదు. ఈ దేశంలో పార్సీ అంటే ఎవరికీ కడుపు మండదు. కాబట్టి చచ్చిపోయిన మనిషికి మళ్ళీ మతం మార్చాల్సి వచ్చింది. బతికుండగా ఎవరూ చేయని మతమార్పిడి చచ్చాక కరపత్రాలు చేశాయి, ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాయి. మతమార్పిడుల మీద చట్టాలు కావాలనేవారు ఈ మార్పిడి సంగతి ఎత్తరు.

ఆ మనిషి చేసిన పని గురించి ఎవరైనా ఒక్క ముక్క చెబుతారా? సొంత మామ ప్రధానమంత్రిగా ఉండగా, సొంత పార్టీ గద్దె మీద ఉండగా, ఎల్ఐసీ డబ్బు ముంద్రా కంపెనీలకు ఎలా పోయిందో పార్లమెంటులో లేచి అడిగినవాడు. ఆ దెబ్బకి 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. సభలో జరిగింది జరిగినట్టు అచ్చేసే పత్రికలకు రక్షణగా 1956లో చట్టం వచ్చిందంటే అది ఫిరోజ్ ప్రైవేటు బిల్లే. 1960 సెప్టెంబరు 8న గుండె ఆగి పోయాడు, నలభై ఎనిమిది నిండకముందే. దహనం చేశారు. చితాభస్మంలో కొంత అలహాబాదు పార్సీ స్మశానంలో ఉంది. ఆ మనిషి లెక్కలడగడం ఎవరికీ గుర్తులేదు. పేరులో ఉన్న 'ఫిరోజ్' ఒక్కటే గుర్తు. అది పారశీక మాట. పార్సీలూ పెట్టుకుంటారు, మేమూ పెట్టుకుంటాం. విజయం పొందినవాడని అర్థం.

ఇదే పద్ధతిలో నెహ్రూ తాతనీ తురకను చేశారు. గంగాధర్ నెహ్రూ 1857 నాటికి ఢిల్లీలో కొత్వాలు. మొఘల్ దర్బారు దుస్తులతో ఆయన బొమ్మ ఒకటి ఉండేదని నెహ్రూయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. అంతే, ఆ బట్టలు చాలు. మోతీలాల్ చిన్నప్పుడు పర్షియన్, అరబ్బీ చదివిన తర్వాతే ఇంగ్లీషుకు వచ్చాడు, అదీ సాక్ష్యమే. ఆ కాలంలో కొలువు చేసే కాయస్థులు, కాశ్మీరీ పండితులు పర్షియన్ చదవక ఏం చదువుతారు? పర్షియన్ వచ్చినవాడల్లా తురకయితే హైదరాబాదులో నిజాం దగ్గర పెద్ద కొలువులు చేసిన హిందూ దొరలందరికీ ఇవాళ సున్తీ చేయించాలి.

సరే, ఇదంతా ఒకవైపు. రెండోవైపు చూద్దాం. 2017 నవంబరులో సోమనాథ్ గుడి రిజిస్టరులో ఫిరోజ్ మనవడి పేరు హిందువులు కానివారి పద్దులో ఎక్కిందని గగ్గోలు పుట్టింది. కాంగ్రెసు ఏమనాలి? గుడికి వెళ్ళడం, వెళ్ళకపోవడం ఆయన సొంత విషయం అనాలి. ఈ దేశంలో నాయకుడికి ఏ మతమైనా ఉండవచ్చు, ఏదీ లేకపోనూ వచ్చు అనాలి. అనలేదు. ఆ పార్టీ అధికార ప్రతినిధి పత్రికల ముందుకొచ్చి, ఆయన హిందువే కాదు, జంధ్యం వేసుకున్న హిందువు అన్నాడు. మరుసటి ఏడు పుష్కర్‌లో గోత్రం కూడా బయటికొచ్చింది. దత్తాత్రేయ గోత్రం, కౌల్ బ్రాహ్మలు.

జంధ్యమట! ఆ నూలుపోగు చూపించి గడప బయటికి నెట్టింది మమ్మల్ని ఒక్కళ్ళనే కాదు. మాదిగవాడలో మా పక్కింటివాళ్ళనీ, చాకలినీ, మంగలినీ కూడా. రామజన్మభూమి పేరుతో మసీదు కూల్చినవాళ్ళకు జవాబు చెప్పడానికి మనువు పోగు తప్ప ఇంకేదీ దొరకలేదా లౌకికవాదులకు? నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో తను చచ్చాక మత కర్మకాండలు వద్దని స్పష్టంగా రాశాడు. 1964లో ఆయన పోయాక ఆ మాట దక్కలేదు, మంత్రాలు చదివారు. బతికినన్నాళ్ళూ దేవుణ్ణి పట్టించుకోని మనిషికే ఈ దేశం తన ఇష్టప్రకారం పోయే స్వేచ్ఛ ఇవ్వలేదు. మునిమనవడు జంధ్యం చూపించుకోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇది మన రోగమే కాదు. అమెరికాలోనూ ఇంతే. 2008 ఎన్నికల్లో ఒబామాను ముస్లిం అన్నారు. తండ్రి కెన్యావాడు, నడిమి పేరు హుసేన్, చిన్నతనంలో నాలుగేళ్ళు జకార్తాలో ఉన్నాడు. ఒక సభలో ఒకామె లేచి ఆయన అరబ్బు అంది. ప్రత్యర్థి మెకెయిన్ మైకు లాక్కుని, కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, సంసారపక్షంగా ఉండే మనిషి అన్నాడు. ఎంత గొప్ప మనసు అని పత్రికలు మెచ్చుకున్నాయి. అరబ్బు అయితే మర్యాదస్తుడు కాడా, పెళ్ళాం పిల్లల్ని చూసుకోడా అని ఆ క్షణాన అడిగినవాళ్ళు తక్కువ. తర్వాత కొద్దిరోజులకు కాలిన్ పావెల్ ఒక్కడు టీవీలో అన్నాడు, కాదు అనడం సరైన జవాబే, కానీ అసలు జవాబు 'అయితే ఏమిటి' అని. ఆ మాట అనడానికి ఒక మాజీ సైన్యాధిపతి కావలసి వచ్చింది. మన దగ్గర ఆ మాట ఇంకా పార్లమెంటు మెట్లెక్కలేదు.

మీరు నాయకుల మతం, నాయకుల సంసారం గురించి అంత తెలుసుకోవాలనుకుంటే మేము ఒక నిజమైన ముస్లిం నాయకుడి సంగతి చెబుతాం. అది ఏ ఫోన్లోనూ తిరగదు.

మౌలానా అబుల్ కలాం ఆజాద్ మక్కాలో పుట్టాడు. ఖురాన్‌ను ఉర్దూలోకి తెచ్చి వ్యాఖ్యానం రాసిన ఆలిం. 1942 ఆగస్టు 9న కాంగ్రెసు అధ్యక్షుడిగా అరెస్టయ్యాడు. అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. భార్య జులేఖా బేగం కలకత్తాలో జబ్బుగా ఉంది. రోజురోజుకీ తీసిపోతోందని వార్తలు వస్తూనే ఉన్నాయి. ప్రభుత్వానికి ఏమైనా విన్నవించుకోవాలంటే పంపిస్తామని జైలు అధికారి కబురు చేశాడు. ఆజాద్ అడగలేదు. తెల్లవాడి దగ్గర చేయి చాచనన్నాడు. 1943 ఏప్రిల్‌లో ఆమె పోయింది. జనాజాకు ఆయన లేడు. కోటలోపల ఉత్తరాలు రాసుకుంటూ, తెల్లవారుజామున తనే ఛాయ్ కాచుకుంటూ మిగిలాడు.

జులేఖా పేరు మీలో ఎంతమంది విన్నారు? మా పిల్లల పాఠాల్లోనూ కనబడదు. కస్తూరిబా ఆగాఖాన్ పాలెస్‌లో పోయిన సంగతి మాకు కంఠతా వచ్చు, రావలసిందే, మేమూ కన్నీళ్ళు పెట్టుకున్నాం. కానీ మా ఇంటి ఆడమనిషి దేశం కోసం మొగుడు పక్కన లేకుండా చచ్చిపోతే ఆమెకు ఒక్క వాక్యం దొరకలేదు. ఒక అబద్ధపు ఫిరోజ్ ఖాన్‌కు దొరికిన చోటు నిజమైన జులేఖాకు దొరకలేదు.

మావాళ్ళనూ వదలం. ఆ ఆజాద్‌ను 1940లో జిన్నా కాంగ్రెసు వాళ్ళ షోబాయ్ అన్నాడు. జిన్నా సంసారం చూడండి, పార్సీ పిల్ల రతన్‌బాయిని పెళ్ళాడాడు. దాడీ లేదు, తీరైన సూటు, నమాజుల కోసం పేరుపడ్డ మనిషి కాదు. అది ఆయన ఇష్టం, మేము తప్పుపట్టం. కానీ ఆయన ఇస్లాంకు ప్రతినిధి అయ్యాడు, ఖురాన్‌కు వ్యాఖ్యానం రాసినవాడు హిందువుల బొమ్మ అయ్యాడు. అప్పుడు మాలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఇవాళ్టికీ దూదేకుల మస్తానయ్యను నువ్వు పూరా ముసల్మానువేనా, ఉర్దూ రాదేం, అని అడిగే సాయిబులు మా మసీదు వరండాలో కూర్చుంటారు. ఎదుటివాడి దిల్లో చెయ్యి పెట్టి ఈమాన్ తూచే రోగం మాకూ ఉంది.

2002లో గుజరాత్ కాలిన కొద్ది నెలలకే అబ్దుల్ కలాం రాష్ట్రపతి అయ్యాడు. మంచిదే, ఆయన మంచివాడు. రామేశ్వరంలో ఆయన తండ్రి మసీదుకు ఇమాం. ఆ సంగతి ఎవరూ పెద్దగా ఎత్తలేదు. వీణ వాయిస్తాడు, గీత చదువుతాడు, మాంసం ముట్టడు, అని పదే పదే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ మా దస్తర్‌ఖాన్ మీదున్న గిన్నెల వైపు ఎవరో చూసినట్టయ్యేది. మీరూ ఇలా ఉంటే ఏం పోయింది అని అడగకుండానే అడిగినట్టు. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ 1967లోనే ఆ పదవికి వచ్చాడు. ఆయన ఏం తిన్నాడో ఎవరికైనా తెలుసా? అప్పుడు రాష్ట్రపతికి ఆ పరీక్ష పెట్టాలని తోచలేదేమో.

నాయకులకు సర్దిచెప్పేందుకు అధికార ప్రతినిధులున్నారు. మాకు ఎవరున్నారు?

మాలో ఒకాయన కొడుకు పేరు ఫిరోజ్. సికింద్రాబాదులో కొత్త ఉద్యోగం. కిరాయి ఇల్లు కోసం తిరుగుతున్నాడు. ఒకచోట ఇల్లు నచ్చింది, ఓనరమ్మ కూడా మంచి మనిషి, మంచినీళ్ళు ఇచ్చింది. పేరు అడిగింది, చెప్పాడు. ఆమె మొహంలో ఒక్క క్షణం ఆశ కనబడిందట. "పార్సీలా బాబూ? ఇక్కడ మాకు తెలిసిన పార్సీ వాళ్ళున్నారు, చాలా మంచోళ్ళు" అంది. వాడికి అవునని నోటిదాకా వచ్చింది. "కాదమ్మా, ముస్లింలం" అన్నాడు. అప్పుడామెకు నిన్న సాయంత్రమే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిన సంగతి గుర్తొచ్చింది. గేటు మీద టులెట్ బోర్డు అలాగే ఉంది.

ఇంటికొచ్చి చెప్తే వాళ్ళమ్మీ కోప్పడింది. "అవునంటే ఇల్లు వచ్చేది కద బేటా, నీ సొమ్మేం పోయింది?" అంది. అబ్బా ఏమీ అనలేదు. ఆ రాత్రి మేము నలుగురం అక్కడే ఉన్నాం. చాలాసేపు వాదించుకున్నాం, తెగలేదు. పొద్దున్నే వాడు బండి తీసుకుని ఇంకో ఇల్లు చూడటానికి మా బస్తీ వైపే వెళ్ళాడు.