భాషలకు మెట్లు కట్టిందెవరు?

“మీరు మాట్లాడేది భాష కాదు, యాస. దానికి వ్యాకరణం లేదు, లిపి లేదు. దేశం ఒక్కటిగా ఉండాలంటే అందరూ పెద్ద భాషే నేర్వాలి.” ఈ మాటలు పడకుండా బడి దాటిన ఆదివాసీ పిల్లలు ఎంతమంది? పంతులు అంటాడు, ఆఫీసులో గుమాస్తా అంటాడు. నాలుగు ముక్కలు చదువుకున్నాక మనవాళ్ళే మనతో అంటారు. ఈ మాటల్లో నిజమెంతో తేల్చుకోవాలంటే మనకు ఏ సంబంధమూ లేని రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి టర్కీ వాళ్ళ టర్కిష్. రెండోది బర్మా వాళ్ళ బర్మీస్. రెండూ కోర్టుల్లో, బళ్ళలో, సైనిక శిబిరాల్లో నడిచే రాజ్యభాషలే. వాటిని యాస అనే ధైర్యం ఎవరికీ లేదు. మరి వాటి గొప్పతనం ఎక్కడుంది?

మొదట వ్యాకరణం చూద్దాం. టర్కిష్‌లో ‘ఎవ్’ అంటే ఇల్లు. ‘ఎవ్‌లెర్’ అంటే ఇళ్ళు. ‘ఎవ్‌లెరిమిజ్’ అంటే మన ఇళ్ళు. ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ అంటే మన ఇళ్ళ నుంచి. పూసకు పూస గుచ్చినట్టు ఒక్క మాటకే అన్నీ తగిలిస్తారు. మాటలోని అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారుతుంది. ఇంటికి ‘లెర్’ చేరితే, పిట్టకు, అంటే ‘కుష్’కు, ‘లార్’ చేరుతుంది. బర్మీస్ దారి వేరు. అక్కడ గొంతు ఎత్తడం, దించడం, బిగించడం మీద అర్థం నడుస్తుంది. ‘ల’ అనే శబ్దాన్నే ఒక తీరున పలికితే చందమామ, ఇంకో తీరున పలికితే రావడం, మరో తీరున పలికితే కంచరగాడిద. మనుషుల్ని లెక్కపెడితే అంకె వెనక ఒక మాట, జంతువుల్ని లెక్కపెడితే మరో మాట చేరుతుంది.

ఇంత దూరంగా ఉన్న ఈ రెండూ కొన్నిచోట్ల కలుస్తాయి. రెండింటిలోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది. అవునా కాదా అని అడగడానికి రెండూ వాక్యం చివర చిన్న మాట తగిలిస్తాయి. కళ్ళారా చూసినదానికీ, ఎవరో చెప్పగా విన్నదానికీ తేడా చూపడానికి రెండింటికీ సాధనం ఉంది. టర్కిష్‌లో ‘గెల్ది’ అంటే వచ్చాడు, ‘గెల్మిష్’ అంటే వచ్చాడట. బర్మీస్‌లో వాక్యం చివర ఒక చిన్న మాట చేరిస్తే ‘అట’ అయిపోతుంది. ఇప్పుడు మీ భాషలో ‘వచ్చాడు’, ‘వచ్చాడట’ అనే రెండు మాటలూ ఒకసారి పైకి అని చూసుకోండి. నోటికి ఏ తేడా తగిలిందో అదే వ్యాకరణం. పుస్తకంలో అచ్చు కాకపోయినా మీ అవ్వ నాలుక మీద ఉంది.

19వ శతాబ్దంలో ఆగస్ట్ ష్లైషర్ వంటి జర్మన్ పండితులు ప్రపంచ భాషలకు మూడు మెట్లు కట్టారు. చైనీస్ లాంటి విడిమాటల భాషలు అడుగు మెట్టు. ప్రత్యయాలు తగిలించుకునే టర్కిష్ లాంటివి నడిమి మెట్టు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, అంటే వాళ్ళ చుట్టాల భాషలు, పై మెట్టు. ఆ లెక్కన బర్మీస్ కింద ఉండాలి, తెలుగు నడిమెట్టు దాటకూడదు. ఈ మెట్లను భాషాశాస్త్రం ఎప్పుడో కూల్చేసింది. కానీ మన బళ్ళలో అవి ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి అడుగున మనల్ని కూర్చోబెట్టారు.

వ్యాకరణ బలమే భాషను కాపాడేదైతే ఉబిఖ్ భాష బతికి ఉండాలి. కాకసస్ కొండల నుంచి 1864లో తరిమివేయబడి టర్కీ చేరిన జనం భాష అది. అందులో హల్లులే ఎనభైకి పైగా ఉండేవి. దాన్ని అనర్గళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి తెవ్ఫిక్ ఎసెన్చ్ 1992లో చనిపోయాడు. ఆయనతో భాషా పోయింది. వ్యాకరణం లేక పోలేదు, మాట్లాడుకునే చోటు లేక పోయింది.

ఇక లిపి సంగతి. టర్కిష్‌ను వందల ఏళ్ళు అరబ్బీ లిపిలో రాశారు. 1928లో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం చట్టం చేసి లాటిన్ అక్షరాలకు మార్చింది. లిపి మారితే భాష చచ్చిందా? బర్మీస్ గుండ్రటి అక్షరాల మూలాలు దక్షిణ భారత లిపుల్లో ఉన్నాయి. అవి మోన్ జనం ద్వారా బర్మన్లకు అందాయని పండితులు చెబుతారు. మన శ్రీకాకుళం మన్యంలో సవరలు మాట్లాడే భాషకు ఆ మోన్ దూరపు చుట్టం. రెండూ ఆస్ట్రో ఏసియాటిక్ కుటుంబానివే. బర్మాలోని పగాన్ దగ్గర 12వ శతాబ్దపు మ్యాజెది శాసనం నాలుగు భాషల్లో ఉంది: పాళీ, మోన్, ప్యూ, బర్మీస్. ప్యూకు లిపి ఉంది, శాసనం ఉంది. అయినా అది చచ్చిపోయింది. అంటే లిపి అరువు తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, కొత్తగా చేసుకోవచ్చు. సవరకు మంగెయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశారు. గోండికి ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన లిపి ఉంది. అయినా “లిపి లేదు” అనే మాట ఆగలేదు. ఎందుకంటే అది ప్రశ్న కాదు, సాకు.

మూడోది, అసలైనది: ఒకే భాష ఉంటే దేశం ఒక్కటిగా ఉంటుందన్న మాట. టర్కీ దాన్ని పూర్తిగా పరీక్షించి చూసింది. 1920లలోనే “పౌరుడా, టర్కిష్ మాట్లాడు” అని ఉద్యమం నడిపారు. 1982 రాజ్యాంగం టర్కిష్ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించరాదంది. 1983లో తెచ్చిన చట్టం కుర్దు భాషలో అచ్చు వేయడాన్నీ ప్రసారాన్నీ నిషేధించింది. అది 1991 దాకా అమలులో ఉంది. టర్కిష్ అక్షరమాలలో లేని మూడు కుర్దు అక్షరాల మీద కూడా 2013 దాకా ఆంక్షలు ఉన్నాయి. వచ్చింది ఐక్యతా? 1984 నుంచి దశాబ్దాల పాటు సాయుధ పోరు. పదుల వేల మంది ప్రాణాలు పోయాయి.

బర్మాలోనూ అదే కథ. 1930లలో ఇంగ్లీషు దొరతనాన్ని ఎదిరిస్తూ బర్మన్ యువకులు “మా దేశం, మా భాష” అన్నారు. న్యాయమైన నినాదమే. స్వాతంత్ర్యం వచ్చాక, ముఖ్యంగా 1962లో సైన్యం గద్దెనెక్కాక, అదే భాషను కరెన్, కచిన్, షాన్, మోన్ పిల్లల మీద రుద్దారు. లిపి అందించిన మోన్ జనం తమ భాష చెప్పుకోవడానికి సొంత బళ్ళు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ దేశపు అంతర్యుద్ధాలు నేటికీ ఆరలేదు. వాటికి భాష ఒక్కటే కారణం అనను. భూమి ఉంది, అధికారం ఉంది, అడవి, గనులు ఉన్నాయి. కానీ భాషను నొక్కితే వీటిలో ఏ గొడవా చల్లారలేదని రెండు దేశాలూ రుజువు చేశాయి.

వ్యాకరణంలో ఇంత తేడా ఉన్న రెండు భాషలు పొరుగు భాషల పట్ల ఒకేలా ప్రవర్తించాయి. కనుక తప్పు భాషది కాదు, రాజ్యానిది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. భాష పేరు చెప్పి 1953లో రాష్ట్రం సాధించుకున్నవారు తెలుగువారు. ఇంట్లో మాట్లాడే భాషకు బళ్ళో, కచేరీలో చోటు లేకపోతే ఎంత నొప్పో వాళ్ళకు తెలుసు. ఆ నొప్పి మన్యం గట్టు ఎక్కేసరికి ఎందుకు మరచిపోతారు? 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. సంస్కృతం చెప్పినవారు 25 వేల లోపు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో సంస్కృతం ఉంది, గోండి లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. వాచకాలు అచ్చువేసి, ఆ భాష రాని పంతుల్ని పంపితే ఆ వసతి కాగితం మీదే ఉంటుంది.

మనకు కావలసింది జాలి కాదు. కోయ, కువి, కొండ, కొలామి, గోండి, సవర వచ్చిన టీచర్లు మన గూడేల బళ్ళలో ఉండాలి. గోండి ఎనిమిదో షెడ్యూలులోకి రావాలి. ఆసుపత్రిలో మన అవ్వ తన నొప్పిని తన భాషలో చెప్పుకోగలగాలి. తెలుగు వద్దనడం లేదు, ఇంగ్లీషూ వద్దనడం లేదు. మన భాష మీద అడుగు వేసి వాటి దగ్గరికి నడుస్తాం.

ఇంకొక్క మాట మనలో మనకు. బర్మన్లు ఇంగ్లీషు కింద నలిగి, లేచాక కరెన్లను నొక్కారు. రేపు గోండికి చోటు దొరికితే పక్కనున్న కొలామిని యాస అనే నోరు మనది కాకూడదు. మెట్లు కూలగొట్టడానికే మన పోరాటం, ఒక మెట్టు పైకెక్కి కూర్చోవడానికి కాదు.